తడిపిన తువ్వాల

మా వియ్యంకుడుగారు పోయారు. పొద్దున చాయ్ తాగుతుంటే మా అమ్మాయి ఫోను చేసింది. "నాయినా, మామయ్య నిద్రలనే పోయిండు. లేపితే లేస్తలేడు" అని ఏడ్చింది. నేను "అట్లనా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

"ఎవలు ఫోను?" అని మా ఇంటామె వంటింట్లోంచి అడిగింది.

"బావగారు."

"ఏమంటుండు?"

"ఏమంటలేడు" అన్నాను.

ఆమె బయటికి వచ్చి నా మొహం చూసింది. ఫోను నా చేతిలోంచి తీసుకుని అమ్మాయికి మళ్ళీ చేసింది.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. వాళ్ళు ఎల్‌బీ నగర్‌లో. మెట్రో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. ఆ రోజు మాత్రం నేను ఎదురు వైపు పోయే రైలు ఎక్కించాను. మలక్‌పేట వచ్చాక మా ఆమె, "ఇదేంది, ఎటు తీస్కపోతున్నవ్ నన్ను?" అంది. దిగి, అవతలి వైపు మెట్లెక్కి, మళ్ళీ వెనక్కి వచ్చాం. కళ్ళు మూసుకుని పోగలిగిన దారి అది. అయినా తప్పాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. బావగారూ అనేవాణ్ణి. ఆయనా నన్ను బావగారూ అనే పిలిచేవారు. మా అమ్మాయి, ఆయన కొడుకు ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళది కృష్ణా జిల్లా. మాది బాటసింగారం దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. మాట తీరు వేరు, పెట్టుపోతలు వేరు. పెళ్ళి మాటలనాడు వాళ్ళింట్లో సోఫా అంచున కూర్చుని, ఇచ్చిన కాఫీ అట్లాగే పట్టుకున్నాను. తాగొచ్చో, ఇంకా ఎవరన్నా రావాలో తెలియలేదు. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. తన గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, "మనం కానిచ్చేద్దాం బావగారూ. ఆడాళ్ళ మాటలు ఇప్పట్లో తెమలవు" అన్నారు. అప్పుడు తాగాను. చల్లారిపోయింది. అయినా తాగాను.

అది మొదలు. ఆ ఇంట్లో ఏ ముచ్చట జరిగినా, ముందురోజు నాకు ఆయన దగ్గర్నించి ఫోను వచ్చేది. "బావగారూ, రేపు మీ వైపు నించి ఓ వెండి గిన్నె, పిల్లాడికి చొక్కా తెస్తే చాలు. మా అక్కయ్య ఏదన్నా అంటే మీరు మాట్లాడకండి, నా వైపు చూడండి" అనేవారు.

ఆయన అక్కయ్య పెద్దావిడ. ఏది ఎలా జరగాలో ఆవిడకి తెలుసు. జరగకపోతే అందరి ముందే అంటుంది. మనసులో ఏం ఉండదు, కాని అంటుంది. మనవడి బారసాల నాడు పీటల మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టాక, "ఏమండీ, అమ్మమ్మగారి వైపు నించి వెండి మొలతాడు రావాలిగా, తేలేదా?" అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి మొలతాడు తీశారు. "ఇందాక బావగారు నా చేతికిచ్చారక్కయ్యా. మర్చేపోయాను" అన్నారు. నేను ఇవ్వలేదు. ఇవ్వాలని కూడా నాకు తెలియదు. మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు మీద నాకు సగమే హక్కు ఉందనిపించింది. ఆయనకి ఆ మాట చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆయనకి ఇంటి ముందరే బండ్లు కడిగే షెడ్డు ఉంది. కార్లు వచ్చేవి, మోటారు సైకిళ్ళు వచ్చేవి, బాటసింగారం మార్కెట్టుకి పండ్లు తోలే చిన్న వ్యానులు వచ్చేవి. విజయవాడ రోడ్డు మీంచి దిగిన కార్లయితే అద్దాల నిండా పురుగులు. నేను బడిలో అటెండరు పని చేసి, అది అయిపోయాక ఇంట్లో తోచక ఉంటే, "షెడ్డుకి రండి బావగారూ, కూచుందురు గాని" అన్నారు. పోయాను. నీడన కుర్చీ వేశారు. పొద్దంతా కూర్చున్నాను. నాకు మాట్లాడటం రాదు. ఊరికే కూర్చోవడమూ రాదు. అట్లని ఏదన్నా పని అందుకుంటే, పిల్లనిచ్చిన వియ్యంకుడితో బండ్లు కడిగిస్తున్నాడని నలుగురూ ఆయన్ని అంటారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

మర్నాడు ఆయనే ఒక గుడ్డ తెచ్చి నా చేతికిచ్చారు. "బావగారూ, దీంట్లో ఇసక రేణువేమన్నా చిక్కుకుందేమో కాస్త చూసి పెట్టండి. నా కళ్ళకి ఆనడం లేదు."

చూశాను. ఇంకోటి ఇచ్చారు. అదీ చూశాను. సాయంత్రానికి షెడ్డులో ఉన్న తుడుపు గుడ్డలన్నీ నా ఒళ్ళోకి వచ్చాయి. అది పని కాదు. కళ్ళు ఆనని మనిషికి సాయం. ఎవరూ ఏమీ అనడానికి లేదు. కాని అదే మనిషి రోడ్డు అవతల ఆగిన కారు నంబరు ఇక్కణ్ణించి చదివి, "అదిగో, డాక్టరుగారి బండొచ్చింది" అనేవారు. ఆయన కళ్ళు నిజంగా బాగాలేవా, బాగున్నాయా? నేను అడగలేదు. ఇప్పుడు చెల్లెమ్మని, అంటే ఆయన భార్యని అడగొచ్చు. అడిగితే ఏం చెబుతుందోనని అడగడం లేదు.

గుడ్డల గురించి కొంచెం చెప్పాలి. చదివేవాళ్ళకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. నాకూ మొదట్లో అట్లాగే ఉండేది. మా ఊళ్ళో ఎడ్లబండి కడిగితే ఎండే తుడిచేది.

షెడ్డు వెనకాల నీడలో మూడు తీగలు కట్టి ఉండేవి. పై తీగ మీద కారు పైభాగం, అద్దాలు తుడిచే గుడ్డలు. మధ్య తీగ మీద తలుపులవి. కింది తీగ మీద చక్రాలవి. ఏ గుడ్డ ఆ తీగకే పోవాలి. చక్రాల గుడ్డ ఎంత బాగా ఉతికినా పైకి ఎక్కకూడదు. ఒకసారి నేనే అడిగాను. "ఉతికినం గద బావగారూ, గిది పైదానికంటె తెల్లగ కొడుతుంది."

"తెల్లగానే ఉంటుందండీ. లోపల బ్రేకు పొడి ఉండిపోద్ది. మన కంటికి కనపడదు. బండి రంగుకి తెలుస్తుంది" అన్నారు.

అద్దం దగ్గర నిలబెట్టి తుడవడం చూపించారు. గుడ్డని పరిచి, మీద చెయ్యి వేసి, అలా తనవైపు లాగాలి. రుద్దకూడదు. "కడిగాక కూడా ఓ నలుసు ఎక్కడో ఉంటుందండీ. రుద్దితే దాన్ని మనమే తిప్పి తిప్పి గీసినట్టు." గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఒక పక్క తడిసి బరువెక్కగానే తిప్పి ఇంకో పక్క వాడాలి. తడి పిండకుండా అదే గుడ్డతో ఇంకో బండి మొదలుపెడితే ఆయనకి నచ్చేది కాదు. తిట్టేవారు కాదు. గుడ్డ చేతిలోంచి మెల్లగా తీసుకుని, వేరేది పెట్టేవారు. అంతే. పని చేసేవాళ్ళు దానికే భయపడేవాళ్ళు.

ఒక నల్ల కారాయన చాలా తొందరలో ఉన్నాడు. తుడుస్తుంటే గుడ్డ జారి కింద పడింది. బావగారు దాన్ని తీసి ఉతికే బకెట్టులో వేసి, తీగ మీంచి ఇంకోటి తెచ్చుకుంటున్నారు.

"అన్నా, కింద పడితే ఏమైతది? జర దులిపి తుడువు. నాకు ఆఫీసుకు లేటైతుంది" అన్నాడు కారాయన.

"దులిపితే దుమ్ము పోతుంది బాబూ. ఇసక పోదు."

"ఆపరేషన్ థియేటర్ లెక్క చేసినవ్ కదనే షెడ్డును! గ్లవుజులు కూడా తొడుక్కో మరి."

"తొడుక్కుంటే గుడ్డలో ఇసక చేతికి తెలియదు. అందుకనే మానేశా" అన్నారు ఆయన.

కారాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన హాస్యానికి అన్నారో నిజంగా అన్నారో నాకు పట్టుబడలేదు. ఆయన మాటలు చాలా అట్లాగే ఉండేవి. అప్పుడు నవ్వొచ్చేది. ఇంటికి పోయాక ఆలోచన వచ్చేది.

ఒకసారి చెల్లెమ్మ ఆయనకి సాయం చేద్దామని గుడ్డలన్నీ తీసుకుపోయి, బట్టలకి వాసన రావడానికి పోసే లిక్విడ్ వేసి ఉతికింది. మల్లెపూల వాసన. చేతికి వెన్నలా మెత్తగా ఉన్నాయి. ఆమె సంబరంగా తెచ్చి ఇచ్చింది. ఆయన ఒకటి తీసుకుని తడి బానెట్ మీద లాగారు. నీళ్ళు గుడ్డకి అంటలేదు. ముందుకి జరిగి, పక్కనించి తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"వాసన బ్రహ్మాండంగా ఉందే. పని మాత్రం మానేసింది" అన్నారు.

"గుడ్డ మీద పెట్టి నన్నంటున్నారా?" అంది చెల్లెమ్మ.

"గుడ్డనంటున్నానే! నిన్ననగలనా?"

"అన్నయ్యగారూ, మీరే చెప్పండి. ఇంట్లో నా చీరలు ఎప్పుడన్నా ఇంత జాగ్రత్తగా చూశారా ఈయన? పండక్కి చొక్కా కొన్నా సరే, రెండు తడుపులు తడిపితేగాని ఒంటి మీద వేసుకోరు. అదేం చాదస్తమో!"

నేనేం చెప్పను? ఇద్దరి వైపూ చూసి తల ఊపాను. ఎటు ఊపానో వాళ్ళకీ తెలియలేదు. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. ఆ గుడ్డలకి వాసన వదిలేదాకా ఆయన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టారు. ఒక్కటి కూడా పారెయ్యలేదు. చెల్లెమ్మ ముందు ఆ లిక్విడ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

గుడ్డలు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేవారు. నన్ను వెంట తీసుకుపోయేవారు. మెట్రో స్తంభాల వెనక సందులో ఒక దుకాణం. తువ్వాలలు, దుప్పట్లు, పంచెలు, బండ్లు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు, అన్నీ ఉండేవి. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నీళ్ళ సీసా. దుకాణంవాడు దూరం నుంచే అరిచేవాడు.

"ఏం సారూ, మళ్ళ సీస తెచ్చినవా? గుడ్డలు కొంటవా, నారు పోస్తవా?"

"గుడ్డకి దాహం ఉండాలి కదండీ. ఉందో లేదో పోసి చూడకుండా ఎలా తెలుస్తుంది?"

"నా దుకాన్ల బట్టలన్నీ తడుస్తున్నయ్. గల్లా ఒక్కటే తడుస్తలేదు."

గుడ్డ మూలన ఒక చుక్క వేసేవారు. చుక్క గుండ్రంగా నిలబడి దొర్లిందంటే దాన్ని పక్కన పెట్టేసేవారు. వేసింది వేసినట్టు లోపలికి పోతే మొహం విప్పారేది. తర్వాత అంచులు చూసేవారు. అంచు కుట్టు గట్టి దారంతో ఉంటే వద్దు. గుడ్డ మెత్తగా ఉన్నా అంచు గీకుతుంది. నచ్చినదానికి లేబులు అక్కడే గోళ్ళు తీసే కత్తెరతో కత్తిరించేవారు.

"లేబులు కట్ చేసినంక వాపస్ తీస్కోను, చెప్తున్న" అనేవాడు దుకాణంవాడు.

"వాపసు ఇచ్చేదయితే కత్తిరిస్తానా?"

మైక్రోఫైబర్ గుడ్డ చూసేటప్పుడు మాత్రం, "బావగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి" అనేవారు. నావి నాగలి పట్టిన చేతులు. బడిలో చీపురు పట్టి ఇంకా మొరటయ్యాయి. నా అరచెయ్యి పట్టుకుని దాని మీద గుడ్డని మెల్లగా లాగేవారు. మంచి గుడ్డయితే పల్లేరు కాయలా చర్మానికి పట్టుకుంటుంది. నాసిదయితే జారిపోతుంది. "చూశారా, పట్టుకుంది! నా చెయ్యి మెత్తబడిపోయింది, నాకు తెలియడం లేదు. మా బావగారి చెయ్యి ఉంటే ఇంకేం అక్కర్లేదు" అని దుకాణంవాడికి చెప్పేవారు. పక్కన దుపట్టాలు బేరమాడే ఆడపిల్లలు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. ఇద్దరు ముసలాళ్ళు నడి దుకాణంలో చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడితే నవ్వరా? నాకు తల ఎత్తడం కష్టంగా ఉండేది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కొన్నది తెచ్చినరోజే బండి మీద పెట్టనిచ్చేవారు కాదు. మొదట విడిగా తడపాలి. పిండి నీడన ఆరెయ్యాలి. ఆరాక మళ్ళీ తడపాలి. నూలుదయితే గంజి పోవాలి, వదులుగా ఉన్న పోగులు రాలాలి. అప్పుడే తీగ ఎక్కేది. "కొత్తది ఇంకా మనదవలేదండీ. తడిపితే మనదవుతుంది" అనేవారు. ఆ తడిపి ఆరేసే పని నాకే వచ్చింది. ఎన్నాళ్ళు చేశానో గుర్తులేదు. చేతికి అలవాటైపోయింది.

ఆ అలవాటు వల్లే నేను తప్పు చేశాను.

ఆయన పోయాక పెద్దకర్మ దగ్గరికొచ్చింది. మా దిక్కు దినాలు అంటాం. తండ్రి పోయిన కొడుక్కి ఆ రోజు స్నానం అయ్యాక, పిల్లనిచ్చిన మామ బట్టలు పెట్టాలి. అంతవరకు మా దిక్కైనా వాళ్ళ దిక్కైనా ఒకటే అన్నారు. అంటే అల్లుడికి నేను పెట్టాలి. కాని ఏం పెట్టాలి? మా దిక్కు తువ్వాల కప్పితే సరిపోతుంది. వాళ్ళు పంచెల చాపు పెడతారా? కండువానా? అంచు ఉండాలా, తెల్లదే ఉండాలా? పసుపు చుక్క పెట్టాలా, ఇలాంటి రోజున పెట్టకూడదా? నేను తప్పు తెస్తే పెద్దావిడ అందరి ముందూ అంటుంది. నన్నంటే నాకేం కాదు. మా అమ్మాయి తల వంచుకోవాల్సి వస్తుంది. వేరే దిక్కు నుంచి వచ్చిన పిల్ల. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఒక్క మాట పడకుండా ఉంది. అది నా వల్ల పోకూడదు.

ఇలాంటివి ముందురోజు చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన కర్మకి ఏం తేవాలో చెప్పడానికి ఆయన లేరు. ఇది నాకు ఎంతకీ అర్థం కాలేదు. ఒక్కోసారి ఆయన ఊరికి పోయినట్టే అనిపించేది. వచ్చాక అడగొచ్చు అనుకునేవాణ్ణి.

మా ఇంటామె అప్పటికే అమ్మాయికి తోడుగా ఎల్‌బీ నగర్‌లో ఉంది. నేను ఒక్కణ్ణే దుకాణానికి పోయాను.

"ఏం పెద్దాయనా, మీ బావ రాలే?" అన్నాడు దుకాణంవాడు.

"రాలే."

"పానం బాగలేదా?"

తల ఊపాను. పోయారని చెప్పాలి కదా. అతను తన సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన లేకుంటే ఏంది, నువ్వు పోసి చూడు. నేనేమనను" అన్నాడు. ఎప్పుడూ తిట్టేవాడు ఆ రోజు అలా అన్నాడు. తువ్వాల మీద ఒక చుక్క వేశాను. లోపలికి పోయింది. ఒక పంచె, ఆ తువ్వాల కొన్నాను. అంచు తెలుపే. సరేనో కాదో అని సంచీ పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత ఏం చేశానో నాకు సరిగ్గా తెలియదు. సంచీ కింద పెట్టినట్టు గుర్తు. బకెట్టు కుళాయి కింద పెట్టాను. తువ్వాల విప్పి, లేబులు తీసేసి, నీళ్ళలో ముంచాను. పిండి బాల్కనీలో నీడ ఉన్న చోట ఆరేశాను. ఎండాకాలం, ఇట్టే ఆరింది. మళ్ళీ తడిపాను. దండెం మీద వేసి, రెండు చివర్లూ పట్టి లాగి, ముడతలు తీశాను. చేతులు దులుపుకుని వెనక్కి తిరిగితే సంచీలో పంచె ఒక్కటే కనపడింది.

అప్పుడు తెలిసింది. కర్మనాడు పెట్టేది కొత్త బట్ట. మడత విప్పకుండా, నీళ్ళు తగలకుండా తీసుకుపోవాలి. ఆ మాత్రం నాకూ తెలుసు. నేను దాన్ని బండి తుడవడానికి తయారు చేశాను.

ఫోను తీసి బావగారికి చేశాను. ఏం చెయ్యమంటారని అడుగుదామనే చేశాను. రెండుసార్లు మోగింది. మా అమ్మాయి ఎత్తింది.

"నాయినా? మామయ్య ఫోన్‌కు చేసినవేంది?"

"ఏం లేదు బిడ్డా" అన్నాను.

"తిన్నవా?"

"తిన్న. రేపు ఏం తేవాలె?"

"నువ్వు రా నాయినా. ఏం తెచ్చినా మంచిదే."

ఏం తెచ్చినా మంచిది కాదని దానికీ తెలుసు. ఇంకో తువ్వాల కొందామని మెట్లు దిగాను. దుకాణంవాడు మళ్ళీ ఆయన గురించి అడుగుతాడు. ఈసారి చెప్పాల్సి వస్తుంది. వేరే దుకాణానికి పోవచ్చు. అది అప్పుడు తోచలేదు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. పొద్దున్నే బయల్దేరాలి, అప్పటికి ఏ దుకాణమూ తెరవరు. ఆరిన తువ్వాలని ఎంత మడత పెట్టినా కొత్త మడతలా రాలేదు.

కర్మ షెడ్డులోనే పెట్టారు. అంత చోటు ఇంట్లో లేదు. బండ్లు నిలబెట్టే చోట చాపలు, కుర్చీలు. గుండు చేయించుకుని అల్లుడు కుళాయి దగ్గర కూర్చున్నాడు. పైపు పెట్టబోతే పెద్దావిడ వద్దని, బిందెతో పొయ్యమంది. బిందెలతో పోశారు. లేచి నేను తెచ్చిన పంచె కట్టుకుని వచ్చాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. తూర్పు వైపు తిరిగి నిలబడ్డాడు.

"మామగారు ముందుకి రావాలి" అన్నారు పంతులుగారు.

వెళ్ళాను. తువ్వాల నా రెండు చేతుల మీద ఉంది. పెద్దావిడ పక్కకి వచ్చి దాని మీద చెయ్యి వేసింది. వేళ్ళతో నలిపి చూసింది.

"ఏమండీ, ఇది ఉతికిన తువ్వాలలా ఉందే?"

నేను చూడాల్సిన వైపు చూశాను. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. ఎవరిదో సంచీ దాని మీద పెట్టారు.

"అడుగుతోంది మిమ్మల్నేనండీ. కొత్తది తేలేదా?"

"కొత్తదే" అన్నాను. "తడిపిన."

"తడిపారా? ఎందుకు తడిపారూ?"

చాపల మీద వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. మా అమ్మాయి అప్పటికే తల వంచుకుంది. మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు తడిపానో చెప్పాలంటే ఆ మూడు తీగల దగ్గర్నించి మొదలుపెట్టాలి. అంత మాట నాకు రాదు.

లోపలి గడప దగ్గర కూర్చున్న చెల్లెమ్మ అప్పుడు మాట్లాడింది. ఆయన పోయిన తర్వాత ఆమె గొంతు గట్టిగా వినడం నాకు అదే మొదలు.

"తడిపితే ఏమైంది వదినా?"

"తడిపితే కొత్తదెలా అవుతుందే? నీకు తెలియదా?"

"మీ తమ్ముణ్ణి అడగండి" అంది.

అని ఆగిపోయింది. తనేమందో తనకి అప్పుడు తెలిసినట్టుంది. పెద్దావిడ చెయ్యి తువ్వాల మీదే ఉండిపోయింది. కొంచెంసేపటికి ఆవిడ దాన్ని ఇంకోసారి నిమిరింది. నిమిరి, "వెధవ చాదస్తం" అంది. నన్నందో, తమ్ముణ్ణందో తెలియలేదు. పక్కకి జరిగింది. "కప్పండి" అంది నాతో.

కప్పాను. అల్లుడి భుజాలు చల్లగా ఉన్నాయి. అతను తువ్వాల కొసలు పట్టుకుని, పైకి లాగి, ముఖం మీద పెట్టుకున్నాడు. రెండు చేతులూ దాని మీద ఆనించాడు. ఆ చేతులు కదల్లేదు.

పంతులుగారు దర్భ పట్టుకుని ఆగారు. "నాయనా" అన్నారు ఒకసారి. అతను తియ్యలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ అతను ఏడవడం నేను చూడలేదు. పనులన్నీ చేశాడు. అందరినీ పలకరించాడు. ఇప్పుడు నీళ్ళు తుడుచుకుంటున్నాడో, ఏడుస్తున్నాడో, నేను ఒక అడుగు దూరంలో ఉన్నా నాకు తెలియలేదు. గుడ్డ వెనక నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. బయట రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతూ పోతున్నాయి.

చివరికి తీశాడు. ముఖం శుభ్రంగా, పొడిగా ఉంది. కళ్ళు చూద్దామనుకున్నాను. అప్పటికే పంతులుగారి వైపు తిరిగి కూర్చున్నాడు. తువ్వాల భుజం మీంచి జారబోతే నేను పట్టుకుని సరిచేశాను. పొద్దున సంచీలో పెట్టుకున్నప్పుడు దూదిలా తేలిగ్గా ఉంది. ఇప్పుడు అది చేతికి బరువుగా తగిలింది.